ఫోన్‌లో డబ్బుంది, స్కాన్ కావట్లేదు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని చదివాను. సగం మంది మన వాళ్ళు బైట దేశం వెళ్ళి డబ్బు కట్టలేక పడ్డ తిప్పలు రాశారు, మిగతా సగం బైట దేశం వాళ్ళు మన ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ వైపు వచ్చి పడ్డ తిప్పలు రాశారు. బరంపురంలో బ్యాంకు కౌంటర్‌లో పాతికేళ్ళు కూర్చున్నదాన్ని, నాకైతే రెండూ ఒకటే రోగం అనిపించింది. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది గోపాల్‌పూర్, బీచ్‌కి దగ్గర్లో అయిదు గదుల లాడ్జి, కింద టిఫిన్ హోటల్ కూడా మాదే. చలికాలం ఫారిన్ వాళ్ళు వస్తారు. మొన్న జనవరిలో జర్మనీ నుంచి పెద్దవయసు భార్యాభర్తలు వచ్చి నాలుగు రోజులున్నారు, బిల్లు 9,400 అయింది. వాళ్ళ ఫోన్‌లో ఇండియాలో తీసుకున్న వాలెట్ ఏదో ఉంది, మా క్యూఆర్ స్కాన్ చేస్తే ఫెయిల్, మళ్ళీ చేస్తే ఫెయిల్. అదే ఫోన్‌తో పక్కన మందుల షాపులో కట్టేశారు! చివరికి ఆటో ఎక్కి బరంపురం ఏటీఎంకి వెళ్ళొచ్చి ఇచ్చారు, వాళ్ళ ట్రెయిన్ టైం అయిపోతుందని నాకు ఒకటే కంగారు. తప్పు మాదా వాళ్ళదా? — గోపాల్‌పూర్ నుంచి ఒక చదువరి

జవాబు: మీదీ కాదు వాళ్ళదీ కాదు తమ్ముడూ, మీ కౌంటర్ మీద అతికించిన ఆ క్యూఆర్‌ది. అది మీ సొంత ఫోన్ నంబర్ మీద ఉన్నదే అయి ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

మనకి క్యూఆర్ అంటే అన్నీ ఒకటే, నల్ల చుక్కల డబ్బా, స్కాన్ చేస్తే డబ్బు వెళ్తుంది అంతే. కానీ లోపల రెండు రకాలున్నాయి. ఒకటి మనిషి క్యూఆర్, అంటే మీరు మీ బావమరిదికి, మీ బావమరిది మీకు పంపుకునేది. రెండోది షాపు క్యూఆర్, మర్చంట్ క్యూఆర్ అంటారు, వ్యాపారం పేరు మీద నమోదు చేసి ఇచ్చేది. మనలాంటి ఇక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళకి రెండూ పనిచేస్తాయి కాబట్టి తేడా ఎప్పుడూ తెలీదు, బైటినుంచి వచ్చినవాళ్ళకి మాత్రం షాపు క్యూఆరే పనిచేస్తుంది.

మీ దగ్గరికి వచ్చిన వాళ్ళ ఫోన్‌లో ఉన్నది యూపీఐ వన్ వరల్డ్ అనే రకం వాలెట్ అయి ఉంటుంది. 2023లో జీ20 సమావేశాలు మన దేశంలో జరిగిన ఏడు, ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ దీన్ని మొదలుపెట్టింది, ముందు జీ20 దేశాల వాళ్ళకే, అదీ బెంగళూరు, ముంబై, ఢిల్లీ ఎయిర్‌పోర్టుల్లో దిగినవాళ్ళకే. 2024లో అన్ని దేశాల వాళ్ళకీ తెరిచారు. ఇక్కడ బ్యాంకు ఖాతా అక్కర్లేదు, పాస్‌పోర్టు, వీసా చూపించి కేవైసీ చేయించుకుంటే ఒక వాలెట్ ఇస్తారు, తమ కార్డుతోనో విదేశీ నోట్లతోనో అందులో డబ్బు వేసుకుంటారు, వెళ్ళిపోయేటప్పుడు మిగిలింది వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ వాలెట్‌లో డబ్బు షాపులకే వెళ్తుంది, మనుషులకి వెళ్ళదు. మందుల షాపతనికి మర్చంట్ క్యూఆర్ ఉంది, మీకు లేదు. జరిగింది ఇదే.

నాకు ఈ సంగతి తెలిసింది కూడా మీ ఊళ్ళోనే. రెండేళ్ళ క్రితం సాయంత్రం లైట్‌హౌస్ వైపు నడుస్తుంటే చేపలు పట్టే నోలియాల కుర్రాడు ఒకడు బండి మీద కొబ్బరిబోండాలు అమ్ముతున్నాడు, పదిహేడేళ్ళుంటాయేమో, మన తెలుగే మాట్లాడతాడు. ఒకామె, తెల్లజుట్టు, భుజానికి గుడ్డసంచి, బోండాం అడిగింది. వాడు చెక్కి, చిల్లు పొడిచి, స్ట్రా వేసి చేతికిచ్చేశాడు, అప్పుడు ఆమె ఫోన్ తీసింది. బండికి కట్టిన క్యూఆర్ అట్ట ఉప్పుగాలికి అంచులు లేచిపోయి ఉంది, ఆమె వేలితో దాన్ని నొక్కి పట్టుకుని స్కాన్ చేస్తోంది, అవట్లేదు, మళ్ళీ చేస్తోంది. చెక్కేసిన బోండాం వెనక్కి పెట్టేది కాదు కదా, ఆమె ముఖం ఎర్రబడిపోయింది, వాడేమో "పర్లేదమ్మా, తాగండి, తాగండి" అంటున్నాడు, ఆమెకి అర్థం కావట్లేదు. నేను వెళ్ళి ఆ యాభై ఇచ్చేసి ఫోన్ చూపించమంటే స్క్రీన్ మీద వాళ్ళ నాన్న పేరు వస్తోంది, షాపు పేరు కాదు. కౌంటర్‌లో అన్నేళ్ళు కూర్చుని కూడా అప్పటిదాకా నేను దాని గురించి ఆలోచించలేదు.

కాబట్టి మీరు బేగి చేయాల్సిన పని ఒకటి, లాడ్జి పేరు మీద మర్చంట్ క్యూఆర్ తీసుకోండి. మీరు వాడే ఫోన్‌పే, పేటీఎం, భారత్‌పే ఏదైనా సరే వ్యాపారులకి వేరే యాప్ ఉంటుంది, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, షాపు ఫోటో అడుగుతారు. జీఎస్టీ నంబర్ లేని చిన్న షాపులకి కూడా ఇస్తారు, ఆ భయం పెట్టుకోకండి. సౌండ్‌బాక్స్ కూడా తీసుకుంటే మంచిది, ఎందుకంటే స్క్రీన్‌షాట్ చూపించి కట్టేశాం అని వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు ఫారిన్ వాళ్ళే కానక్కర్లేదు. ఇంకొకటి, డబ్బు తీసుకోడానికి మీరెప్పుడూ పిన్ కొట్టక్కర్లేదు, ఎవరైనా రిఫండ్ అనో అడ్వాన్స్ అనో చెప్పి పిన్ కొట్టమంటే అది మోసమే.

కార్డు మెషీన్ పెట్టుకునే ఆలోచన ఉంటే ఇచ్చేవాళ్ళని "ఇంటర్నేషనల్ కార్డులు తీసుకుంటుందా" అని నోరు తెరిచి అడగండి. చాలా మెషీన్లలో అది ఆన్ చేయించుకుంటేనే వస్తుంది, లేకపోతే వీసా, మాస్టర్ కార్డు అయినా సరే డిక్లైన్ అంటుంది, అతిథి తన బ్యాంకుని తిట్టుకుంటాడు. మరి డాలర్లు, యూరోలు నోట్లుగా ఇస్తామంటే మాత్రం తీసుకోకండి, వాటిని మార్చే పని రిజర్వ్ బ్యాంక్ లైసెన్స్ ఉన్నవాళ్ళది, మనది కాదు.

గది బుక్ చేసినప్పుడే వాళ్ళకి వాట్సాప్‌లో రెండు ముక్కలు రాసి పెట్టండి, వాలెట్ కావాలంటే దిగిన పెద్ద ఎయిర్‌పోర్టులోనే తీసుకుని రమ్మని, కొంత నగదు కూడా తెచ్చుకోమని. ఆ ముసలాయన ఆటోలో పదహారు కిలోమీటర్లు వెళ్ళొచ్చాడంటే నాకు బాధేసింది.

ప్రశ్న: మేడం, మాకు బరంపురంలో పట్టు చీరల వ్యాపారం. మగ్గం సామాన్లు, ప్యాకింగ్ మెషీన్లు చూద్దామని నేనూ మా అన్నయ్యా చైనాలో గ్వాంగ్‌జౌ వెళ్తున్నాం. అక్కడ ఎవరూ నోట్లు ముట్టుకోరు, అంతా ఫోనే అంటున్నారు. మన యూపీఐ అక్కడ పనికిరాదంట కదా, మరి టీ తాగాలన్నా ఏటి చెయ్యాలి? — బరంపురం నుంచి ఒక చదువరి

జవాబు: పోయినేడు అక్టోబర్ 26న, అంటే 2025లో, కలకత్తా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మళ్ళీ మొదలైన దగ్గర్నుంచి మన బరంపురం వ్యాపారులు చాలామంది ఇదే అడుగుతున్నారు బాబూ. అక్కడ రెండే యాప్‌లు, అలీపే, వీచాట్ పే. టీ బండి నుంచి స్టార్ హోటల్ దాకా ఆ రెండే. ఒకప్పుడు అక్కడి బ్యాంకు ఖాతా లేనివాళ్ళకి వీటితో పెద్ద ఇబ్బందిగా ఉండేది, 2023 నుంచి మన దగ్గరున్న వీసా, మాస్టర్ కార్డుల్ని వాటికి తగిలించుకుని మామూలుగా వాడుకోవచ్చు. 2024 మార్చిలో పరిమితి కూడా పెంచారు, ఒక్కసారికి 1,000 డాలర్లు ఉన్నది 5,000 అయింది, ఏడాదికి 10,000 ఉన్నది 50,000 అయింది. మీ ఖర్చులకి అది చాలా ఎక్కువ.

కానీ మన వాళ్ళకి మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది, మిగతా దేశాల వాళ్ళు రాసే సలహాల్లో అది ఉండదు. వాళ్ళందరూ "ఇంటి దగ్గరే యాప్ వేసుకుని కార్డు తగిలించి వెళ్ళండి" అంటారు. మన దేశంలో 2020 జూన్‌లో ఆపేసిన 59 యాప్‌లలో వీచాట్ ఉంది, ఆ సెప్టెంబర్‌లో ఆపేసిన వాటిలో అలీపే ఉంది. కాబట్టి ఆ పని మీరు అక్కడ దిగాకే చేసుకోవాలి, పైగా అక్కడి నెట్‌లో గూగుల్ వాళ్ళవి పనిచేయవు, ప్లే స్టోర్ తెరుచుకోదు. ఇవన్నీ కలిపి చూస్తే మొదటి రోజు యాప్ లేకుండానే గడుస్తుందని లెక్క వేసుకుని వెళ్ళండి. మిమ్మల్ని పిలిచిన మెషీన్ కంపెనీ వాళ్ళకి ముందే మెసేజ్ పెట్టి, దిగిన రోజు ఒక మనిషిని పక్కన ఉండమనండి, వాళ్ళకది అయిదు నిమిషాల పని, మీకు రెండు గంటల పని.

ఆ మొదటి రోజుకి నగదు కావాలి. ఇక్కడే లైసెన్స్ ఉన్న ఫారెక్స్ వాళ్ళ దగ్గర యువాన్లు తీసుకోండి, 100 నోటే అక్కడ అన్నిటికన్నా పెద్దది, అన్నీ వందలే తీసుకోకుండా 10, 20, 50 కూడా అడగండి. అక్కడ షాపువాడు నగదు వద్దనకూడదని వాళ్ళ కేంద్ర బ్యాంకు రూలే ఉంది, కానీ చిల్లర వాడి దగ్గర ఉండాలి కదా.

బయల్దేరే ముందు ఇంటి దగ్గర చేయాల్సినవి మాత్రం తప్పకుండా చేయండి. 2020 అక్టోబర్ నుంచి మనకిచ్చే కొత్త కార్డుల్లో ఇంటర్నేషనల్ వాడకం మూసే ఇస్తున్నారు, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి అది ఆన్ చేయాలి, ఆన్‌లైన్ వాడకం వేరేగా ఉంటుంది, అదీ ఆన్ చేయాలి. మీ సిమ్‌కి రోమింగ్ ముందే వేయించండి, కార్డు తగిలించేటప్పుడు ఓటీపీ దాని మీదకే వస్తుంది, అది రాకపోతే లక్ష ఉన్నా లేనట్టే. కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి పెట్టుకోండి, ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర.

పేరు సంగతి కూడా చెప్పాలి. యాప్‌లో పాస్‌పోర్టు ఫోటో తీసి పేరు సరిచూస్తారు. మనకి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, కార్డు మీద ఇంటిపేరు పొట్టక్షరం అయిపోతుంది, కొందరికి అసలు ఉండదు. యాప్‌లో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే, ఏ గడిలో ఏముందో అదే కొట్టండి, కార్డు చూసి కొట్టకండి.

ఇక చార్జీ. 200 యువాన్ల దాకా, మన డబ్బుల్లో రెండున్నర వేలు అనుకోండి, విదేశీ కార్డుకి యాప్ వాళ్ళు ఏమీ తీసుకోరు. దాటితే మొత్తం మీద 3 శాతం తీసుకుంటారు. 300 యువాన్ల భోజనానికి 9 యువాన్లు పోతాయి, అదే మీరూ అన్నయ్యా చెరో 150 కడితే పోవు. మీ బ్యాంకు వేసుకునే ఫారెక్స్ చార్జీ వేరే, అది తప్పదు.

పైన గోపాల్‌పూర్ తమ్ముడికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది చూడండి, విదేశీ కార్డు తగిలించిన అలీపే, వీచాట్‌తో షాపులకి కట్టొచ్చు కానీ మనుషులకి పంపలేరు. ఎవరైనా బండివాడు తన సొంత క్యూఆర్ చూపించి పంపమంటే అవదు, వాడు మోసగాడనీ మీ కార్డు పాడైందనీ అనుకోకండి, నోటు తీసి ఇవ్వండి. డబ్బు కట్టే తీరు కూడా రెండు రకాలు, కొన్నిచోట్ల మీరు గోడ మీది క్యూఆర్ స్కాన్ చేసి అంకె కొట్టాలి, కొన్నిచోట్ల మీ ఫోన్‌లో కోడ్ తెరిచి చూపిస్తే వాళ్ళే మెషీన్‌తో గీసుకుంటారు. రెండోదాంట్లో అంకె వాళ్ళు కొడతారు కాబట్టి కట్టాక ఎంత పోయిందో అక్కడే చూసుకోండి. ఆ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి ఎవరికీ పంపకండి.

పవర్ బ్యాంక్ తీసుకెళ్తారు కదా, ఫోన్ ఆరిపోతే జేబు ఖాళీ అయినట్టే అక్కడ. కానీ 2025 జూన్ 28 నుంచి చైనా లోపల తిరిగే విమానాల్లో వాళ్ళ 3సీ అనే భద్రత గుర్తు లేని పవర్ బ్యాంక్ ఎక్కనివ్వట్లేదు. గ్వాంగ్‌జౌ నుంచి ఇంకో ఊరికి విమానంలో వెళ్ళే పని ఉంటే అక్కడే ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: అమ్మా, మాది పర్లాకిమిడి. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, అల్లుడు అక్కడి అబ్బాయే, ఇద్దరూ సంక్రాంతికి వస్తున్నారు. వాళ్ళని జిరంగ్ బౌద్ధ గుడికి, తప్తపాణికి తిప్పుదాం అనుకుంటున్నాం. పోయినసారి వచ్చినప్పుడు ప్రతి చిన్నదానికీ మా ఆయన ఫోన్ అడగాల్సి వచ్చిందని అమ్మాయి చిన్నబుచ్చుకుంది. వాళ్ళంతట వాళ్ళు కట్టుకునే దారి ఏదైనా ఉందా? — పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ

జవాబు: ఉందమ్మా, ఇద్దరికీ వేర్వేరు దారులు. అమ్మాయికి ఇక్కడ విదేశాల్లో ఉండే మనవాళ్ళకి ఇచ్చే ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ ఖాతా ఉంటే ఆమె అమెరికా నంబర్‌తోనే యూపీఐ పెట్టుకోవచ్చు, ఇండియా సిమ్ అక్కర్లేదు. 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ముందుగా పది దేశాల నంబర్లకి ఒప్పుకుంది, సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, అమెరికా, సౌదీ, యూఏఈ, బ్రిటన్. చేయాల్సిందల్లా ఆ అమెరికా నంబర్ బ్యాంకు ఖాతాలో నమోదై ఉండాలి. పెళ్ళికి ముందు మామూలు సేవింగ్స్ ఖాతా ఉండేది, అదే నడుస్తోంది అంటే మాత్రం ముందు దాన్ని ఎన్ఆర్ఓ చేయించండి, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళు మామూలు ఖాతా ఉంచుకోకూడదు. చాలా ఇళ్ళల్లో దీన్ని అలాగే ఒదిలేస్తారు, మా కౌంటర్‌కి ఎంతమంది అమ్మలు ఆ పాత పాస్‌బుక్ పట్టుకుని వచ్చేవారో.

ఈ పని ఇక్కడికి వచ్చాక పండగ సెలవుల్లో కాదు, ఇప్పుడే మొదలుపెట్టమనండి. అల్లుడికి పైన చెప్పిన వన్ వరల్డ్ వాలెట్, ఎయిర్‌పోర్టులో దిగిన రోజే. జిరంగ్ దారిలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, ఆ ఒక్క రోజుకి అల్లుడి జేబులో కొన్ని నోట్లు పెట్టండి, మావగారిని అడగకుండా టీ తాగించే సంతోషం ఆయనకీ ఉండాలి కదా.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకి స్వీడన్ వెళ్తున్నాడు. అక్కడ స్విష్ అనే యాప్ ఉందంట, అది ఇక్కడే వేసి పంపొచ్చా? — జయపురం నుంచి ఒక తల్లి

జవాబు: అవదమ్మా. స్విష్ 2012లో అక్కడి బ్యాంకులు కలిసి పెట్టుకున్నది, అక్కడి బ్యాంకు ఖాతా, వాళ్ళ పర్సనల్ నంబర్, బ్యాంక్ఐడీ ఉంటేనే వస్తుంది. అబ్బాయి వెళ్ళి ఆ నంబర్ తెచ్చుకుని ఖాతా తెరిచేదాకా కార్డు మీదే బతకాలి, తాకిస్తే పనిచేసే కార్డు అయి ఉండాలి. స్టాక్‌హోమ్ సిటీ బస్సులో నగదు తీసుకోరు, కార్డు తాకించి ఎక్కడమే, చాలా షాపుల్లో కూడా నోట్లు తీసుకోమని బోర్డే ఉంటుంది. పిల్లాడి జేబులో మీరు పెట్టే నోట్ల కన్నా రెండో కార్డు ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: సార్/మేడం, నేను రాయగడలో టూరిస్టులని తిప్పుతుంటాను. బుధవారం చటికోన సంతకి ఫారిన్ వాళ్ళని తీసుకెళ్తే వాళ్ళు ఇండియా అంతా క్యూఆరే అని చదువుకుని వస్తున్నారు, ఒక్క నోటు ఉండదు. నా ఫోన్‌తో కట్టి తర్వాత తీసుకుందామంటే వాళ్ళ వాలెట్ నుంచి నాకు రావట్లేదు. — రాయగడ నుంచి ఒక గైడు

జవాబు: మీకు రాకపోవడానికి కారణం మీకిప్పుడు తెలిసిపోయి ఉంటుంది, మీరు మనిషి, షాపు కాదు. మీరు చేసేది కూడా వ్యాపారమే కాబట్టి మీ ట్రావెల్ పేరు మీద మర్చంట్ క్యూఆర్ తీసుకోండి, మీ ఫీజు వరకూ ఆ బాధ తీరుతుంది.

కానీ సంత దగ్గర అడ్డుపడకండి, మీ ఫోన్ మధ్యలో పెట్టకండి. నియమగిరి మీద నుంచి డొంగ్రియా గిరిజన ఆడవాళ్ళు తెల్లారకముందే పసుపు, అల్లం, అనాస నెత్తిన పెట్టుకుని దిగి వస్తారు. ఒకామె కుప్ప పోసుకుని కూర్చుంటుంది, ఆమెకి వచ్చే నోటు ఆమె చేతిలో పడాలి, దాన్ని మడిచి కొంగులోనో నడుము దగ్గరో దోపుకుని, వెళ్ళేటప్పుడు అదే సంతలో ఉప్పు, నూనె కొనుక్కుని కొండెక్కుతుంది. మీరు మీ ఫోన్‌తో ఎవరో షాపువాడికి కొట్టి, అతను ఆమెకి ఇస్తాడంటే మధ్యలో పదో పాతికో ఎవరిదో అయిపోతుంది, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. వాళ్ళు కుట్టే కపడాగండ శాలువా కొంటామన్నా అంతే, 2024లో దానికి ఆ ప్రాంతానిదే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, చేత్తో కుట్టడానికి చాలా రోజులు పడుతుంది, బేరం ఎక్కువ చేయనివ్వకండి, నోట్లు కుట్టినామె చేతికే ఇప్పించండి. ఫోటో తీసేముందు అడగమనండి, డబ్బిచ్చాం కదా అని తీయడం కాదు.

మంగళవారం సాయంత్రమే మీ అతిథుల్ని రాయగడలో ఏటీఎంకి తీసుకెళ్ళండి. 500 నోట్లు వస్తాయి, అవి సంతలో పనికిరావు, ఆ రాత్రే మీకు తెలిసిన కిరాణా కొట్టులోనో పెట్రోల్ బంక్‌లోనో 10, 20, 50 చేయించి ఉంచండి.